వ్యవసాయ వెబ్ అప్లికేషన్లకు అవసరాల నిర్ధారణ: నార్కట్‌పల్లి మండలం ఉదాహరణగా

రైతుల కోసం ఒక వెబ్ అప్లికేషన్ రూపొందించాలన్న నిర్ణయం జరిగిన వెంటనే సాధారణంగా తెరల నమూనాలు తయారవుతాయి. లాగిన్ పేజీ ఎలా ఉండాలి, వాతావరణ సూచన పైన ఉండాలా కింద ఉండాలా అన్న చర్చ మొదలవుతుంది. ఆ అప్లికేషన్ వాడుకలోకి వచ్చిన తరువాత పొలంలో ఏ పని ఇప్పటికంటే భిన్నంగా జరగాలి అన్న ప్రశ్న మాత్రం చాలా ఆలస్యంగా వస్తుంది, లేదా అసలు రాదు. ఆ ప్రశ్నకు క్రమపద్ధతిలో సమాధానం రాబట్టడం, దానిని లిఖితపూర్వకంగా నమోదు చేయడం, సరిచూడడం, మార్పులు వచ్చినప్పుడు నిర్వహించడం అనే నాలుగు పనులను కలిపి అవసరాల ఇంజినీరింగ్ లేదా రిక్వైర్‌మెంట్స్ ఇంజినీరింగ్ అని వ్యవహరిస్తారు. ఈ విషయానికే ప్రత్యేకించిన తొలి ఐఈఈఈ అంతర్జాతీయ సింపోజియం 1993లో అమెరికాలోని శాన్ డియాగోలో జరిగింది. ఈ పత్రాల రూపురేఖలను నిర్దేశించే ప్రమాణం ప్రస్తుతం ఐఎస్ఓ/ఐఈసీ/ఐఈఈఈ 29148 పేరుతో అమలులో ఉంది.

కంప్యూటర్ శాస్త్రంలో పుట్టిన ఈ విభాగాన్ని విస్తరణ శాస్త్రవేత్తలు తమది కాదని భావించడం సహజమే. అయితే వ్యవసాయ అప్లికేషన్ల విషయంలో ఈ పనిలో అధిక భాగం వారి మీదనే పడుతుంది. ప్రోగ్రామర్‌కు పంట తెలియదు, రైతుకు ప్రోగ్రాం తెలియదు. రెండు వైపులా మాట్లాడగలిగినవారు విస్తరణ రంగంలోనే ఉన్నారు. ఈ వ్యాసంలో నల్గొండ జిల్లా నార్కట్‌పల్లి మండలాన్ని ఊహాత్మక కార్యక్షేత్రంగా తీసుకొని, అక్కడి రైతులకు సలహాలు, మార్కెట్ సమాచారం అందించే వెబ్ అప్లికేషన్‌ను తలపెడితే అవసరాలు ఎక్కడ దొరుకుతాయో, ఎక్కడ తప్పిపోతాయో పరిశీలిద్దాం.

హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి నుంచి నల్గొండ, మిర్యాలగూడ మీదుగా అద్దంకి వైపు వెళ్లే దారి చీలేది నార్కట్‌పల్లి వద్దనే. చల్కా నేలలు, బోరుబావులు, పత్తి, వరి, బత్తాయి తోటలు ఈ ప్రాంత వ్యవసాయ స్వరూపం. ఉదయసముద్రం ఎత్తిపోతల పథకంలో భాగమైన బ్రాహ్మణ వెల్లెంల జలాశయం ఈ మండలంలోనే ఉంది. జిల్లా స్థాయిలో శాస్త్రీయ సహకారానికి కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. ఇంతవరకు ఏ ప్రాజెక్టు నివేదికలోనైనా మొదటి పేజీలోనే కనిపించే సమాచారమే. అవసరాలు దీని వెనుక ఉంటాయి.

అవసరం ప్రపంచంలో, యంత్రం అప్లికేషన్‌లో

మైకేల్ జాక్సన్ అనే బ్రిటిష్ సాఫ్ట్‌వేర్ శాస్త్రవేత్త 1995లో ప్రపంచానికి, యంత్రానికి మధ్య ఉన్న భేదాన్ని వివరిస్తూ ఒక ప్రసంగ వ్యాసం సమర్పించారు. అవసరం అనేది బయటి ప్రపంచంలో నెలకొనవలసిన ఒక స్థితి. ప్రోగ్రాం ఏమి చేయాలో చెప్పే వివరణ దానికి భిన్నమైనది. ఈ రెండింటినీ కలిపే వంతెన, ప్రపంచం గురించి మనం చేసుకునే ఊహలు. వ్యవసాయ అప్లికేషన్లు విఫలమయ్యేది ఎక్కువగా ఈ వంతెన మీదనే.

ఒక ఉదాహరణ చూద్దాం. "బత్తాయి తోటలో పూత, పిందె దశల్లో నీటి తడి ఆలస్యం కారాదు" అనేది అవసరం. "నిర్ణీత తేదీకి ముందురోజు నమోదైన నంబరుకు సందేశం పంపాలి" అనేది యంత్ర వివరణ. ఆ నంబరు గల వ్యక్తే మోటారు వేసే వ్యక్తి అన్నది ఊహ. తోట యజమాని హైదరాబాద్‌లో ఉండి, తోటను మరొకరు చూసుకుంటున్నప్పుడు సందేశం సకాలంలోనే చేరుతుంది, సర్వర్ లెక్కల్లో నూటికి నూరు శాతం విజయమే నమోదవుతుంది, తోటకు మాత్రం తడి అందదు. ప్రోగ్రాంలో ఎక్కడ వెతికినా ఈ లోపం దొరకదు. ఊహను ఊహగా కాగితం మీద రాసి, "ఇది నిజమేనా" అని గ్రామంలో అడిగి ఉంటే తప్ప బయటపడదు. అందువల్ల అవసరాల పత్రంలో ప్రతి అవసరం పక్కన అది ఆధారపడిన ఊహలను కూడా రాయడం మంచి పద్ధతి. దీనిని విద్యార్థులు అదనపు కాగితపు పనిగా భావిస్తారు. పత్రం మొత్తంలో అత్యంత విలువైన భాగం ఇదేనని ఈ రచయిత అభిప్రాయం.

అడిగితే చెప్పని అవసరం: ఈ-సాగు అనుభవం

అవసరాల సేకరణ అనగానే ప్రశ్నావళి గుర్తుకు వస్తుంది. "మీకు ఎలాంటి సమాచారం కావాలి" అని రైతును అడిగితే ధరలు, వాతావరణం, తెగుళ్లు అన్న సమాధానాలు వస్తాయి. అవి అబద్ధాలు కావు. అయితే వాటితో అప్లికేషన్ రూపొందించలేము. తనకు తెలియని దానిని ఎవరూ కోరలేరు. తెలుగు నేల మీదనే ఈ విషయాన్ని స్పష్టంగా చూపిన ప్రయోగం హైదరాబాద్‌లోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ (ట్రిపుల్ ఐటీ), మీడియా ల్యాబ్ ఆసియా సహకారంతో 2004లో ప్రారంభించిన ఈ-సాగు.

అదే సంవత్సరం జనవరిలో దేశవ్యాప్తంగా కిసాన్ కాల్ సెంటర్లు ప్రారంభమయ్యాయి. కాల్ సెంటర్ నమూనాలో రైతు ఫోన్ చేస్తాడు, సమస్యను వర్ణిస్తాడు, నిపుణుడు సమాధానం చెబుతాడు. దీని వెనుక మూడు ఊహలున్నాయి: రైతు సమస్యను సకాలంలో గుర్తిస్తాడు, దానిని మాటల్లో సరిగా వర్ణించగలడు, ఆ వర్ణన నిపుణుడికి చాలు. ఆకు ఎర్రబడిందని ఫోన్‌లో విన్న నిపుణుడికి అది మెగ్నీషియం లోపమా, పచ్చదోమ నష్టమా, నీటి ఎద్దడా అన్నది తేల్చడం ఎంత కష్టమో విస్తరణ రంగంలో ఉన్నవారికి చెప్పనవసరం లేదు.

ఈ-సాగు రూపకర్తలు ఈ ఊహలను పక్కన పెట్టారు. రైతు ప్రశ్న అడగవలసిన అవసరమే లేకుండా చేశారు. అప్పటి వరంగల్ జిల్లా ఆత్మకూరు మండలంలోని మూడు గ్రామాల్లో 1,051 పత్తి క్షేత్రాలను నమోదు చేసి, చదువు, సేద్యానుభవం ఉన్న స్థానికులను సమన్వయకర్తలుగా నియమించారు. వారు క్రమం తప్పకుండా పొలాలకు వెళ్లి, పైరు ఛాయాచిత్రాలు తీసి, పరిశీలనలు రాసేవారు. హైదరాబాద్‌లోని వ్యవసాయ నిపుణులు వాటిని చూసి, ఆ పొలం పూర్వ వివరాలతో పోల్చి, క్షేత్రం వారీగా సలహా తయారుచేసేవారు. సలహా ఇంటర్నెట్ ద్వారా గ్రామ కేంద్రానికి చేరి, అక్కడి నుంచి రైతుకు అందేది.

ఇందులో విద్యార్థులు గమనించవలసిన చిన్న విషయం ఒకటుంది. ఆనాటి గ్రామాల్లో డయల్-అప్ కనెక్షన్ మీద వందల ఛాయాచిత్రాలు పంపడం సాధ్యం కాదు. కాబట్టి చిత్రాలను సీడీల్లోకి ఎక్కించి కొరియర్‌లో హైదరాబాద్‌కు పంపారు. అక్షరాల్లో ఉండే సలహా తేలికైనది కనుక అది మాత్రం ఇంటర్నెట్‌లో వెనక్కి వచ్చింది. వెబ్ ప్రాజెక్టులో కొరియర్ వాడడం కొందరికి నవ్వు తెప్పించవచ్చు. ఇక్కడ అవసరం ఏమిటి? తెగులు ముదరక ముందే సలహా అందాలి. సీడీ ప్రయాణానికి పట్టే సమయం ఆ గడువులో ఇమిడింది. సాంకేతికతను బట్టి అవసరాన్ని నిర్ణయించకుండా, అవసరాన్ని బట్టి సాంకేతికతను ఎంచుకున్నారు.

నార్కట్‌పల్లి అప్లికేషన్‌కు దీని నుంచి నేరుగా తీసుకోదగిన పాఠం సేకరణ పద్ధతిలో ఉంది. ప్రశ్నావళికి ముందు పరిశీలన జరగాలి. రైతు ఎరువుల దుకాణంలో ఏ మాటలతో మందు అడుగుతున్నాడు, దుకాణదారు ఏమి తిరిగి అడుగుతున్నాడు, చేతిలోని ఆకును ఎవరికి చూపుతున్నాడు, ఫోన్‌లో ఫోటో ఎవరు తీస్తున్నారు అన్నవి చూస్తూ రాసుకోవాలి. బత్తాయి కాయ తొక్క మీద గోధుమ మచ్చను రైతు "మంగు" అంటాడు. అప్లికేషన్‌లో "నల్లి ఆశించిన లక్షణాలు" అన్న శీర్షిక కింద ఉన్న సమాచారం ఎంత చక్కగా ఉన్నా మంగు అని వెతికిన వారికి అది కనిపించకపోతే లేనట్టే. రైతు పదకోశం తయారుచేయడం అవసరాల సేకరణలో భాగమే. అది భాషావేత్తకు వదిలేసే పని కాదు.

రైతు అంటే ఎవరు

అవసరాల పత్రంలో అత్యంత ప్రమాదకరమైన పదం "రైతు". 2018 మే నెలలో ప్రారంభమైన రైతుబంధు పథకంలో పెట్టుబడి సాయం పట్టాదారుకు అందింది. కౌలుదారు ఆ నిర్వచనంలోకి రాలేదు. అది విధాన నిర్ణయం, దాని మంచిచెడులు వేరే చర్చ. కానీ అదే భూ రికార్డును ఆధారంగా చేసుకొని సలహా అప్లికేషన్‌లో వినియోగదారుల పట్టిక తయారుచేస్తే, సేద్యం చేయని పట్టాదారుకు సస్యరక్షణ సందేశాలు వెళ్తాయి. సేద్యం చేసే కౌలుదారుకు లాగిన్ ఉండదు. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన భూ అధీకృత సాగుదారుల చట్టం కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇచ్చే వీలు కల్పించింది. అంటే పట్టాదారు వేరు, సాగుదారు వేరు అన్న భేదం మన చట్టాల్లోనే ఉంది. డేటాబేస్‌లో ఎందుకు ఉండకూడదు? ఒక కమతానికి హక్కుదారు, సాగుదారు, రోజువారీ నిర్ణయం తీసుకునేవారు అని మూడు వేర్వేరు పాత్రలు కేటాయించడం కష్టమైన పని కాదు. మొదట్లో కేటాయించకపోతే తరువాత చేర్చడమే కష్టం.

ఫోన్ విషయంలోనూ ఇదే. ఇంట్లో ఒకే స్మార్ట్‌ఫోన్ ఉండి అది కొడుకు చేతిలో ఉంటే, ఓటీపీ ఆధారిత ప్రవేశం అమ్మకు తలుపు మూసేస్తుంది. కలుపు తీతలో, పత్తి తీతలో ఎక్కువ శ్రమ మహిళలదే కాబట్టి పొలంలో తెగులును ముందుగా చూసే అవకాశమూ వారికే ఎక్కువ.

అప్లికేషన్ వాడే ఉద్యోగి కూడా సంబంధితుడే. తెలంగాణలో సుమారు 5,000 ఎకరాలకు ఒక క్లస్టర్ చొప్పున వ్యవసాయ విస్తరణ అధికారులను నియమించి, క్లస్టర్‌కు ఒకటిగా 2,601 రైతు వేదికలు నిర్మించారు. 2024లో డిజిటల్ పంటల సర్వే బాధ్యతపై విస్తరణ అధికారులు బహిరంగంగానే అభ్యంతరం తెలిపారు. కొత్త అప్లికేషన్ ఏదైనా ఈ అధికారి దినచర్యలోకే చేరుతుంది. ఇప్పటికే నమోదు చేస్తున్న వివరాలను మళ్లీ అడిగే ప్రతి ఫారం సమయాన్ని తింటుంది. కాబట్టి "విస్తరణ అధికారి ఒక క్షేత్రం వివరాలను ఇన్ని నిమిషాల్లో నమోదు చేయగలగాలి, ఇతర చోట నమోదైన వివరాన్ని మళ్లీ టైపు చేయనవసరం ఉండరాదు" అన్నది సౌకర్యం కింద రాసే వాక్యం కాదు, ప్రధాన అవసరం.

తప్పు జరిగినప్పటి దారి

అవసరాలను సేకరించేటప్పుడు అంతా సవ్యంగా సాగే మార్గమే ముందుగా కళ్లముందు మెదులుతుంది. నమోదు చేసుకున్నాడు, వివరాలు నింపాడు, సలహా పొందాడు. వివరం తప్పుగా ఉంటే ఏమిటన్నది తరువాతి సంచికకు వాయిదా పడుతుంది. దీని పర్యవసానం ఎంత దూరం వెళ్తుందో తెలంగాణ భూ రికార్డుల చరిత్ర చూపుతుంది. 2017లో మొదలైన భూ రికార్డుల ప్రక్షాళన సమాచారం ఆధారంగా, 2020 నాటి కొత్త హక్కుల చట్టం కింద, 2020 అక్టోబర్ 29న ధరణి పోర్టల్ ప్రారంభమైంది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకేచోట వెంటనే పూర్తికావడం దాని ప్రధాన లక్ష్యం. వివాదం లేని భూమి విషయంలో ఆ లక్ష్యం నెరవేరింది. కానీ పేరులో, విస్తీర్ణంలో, భూమి స్వభావంలో తప్పు దొర్లినవారికి సరిదిద్దుకునే మార్గాలు తొలుత పరిమితంగా ఉండి, ఫిర్యాదులు పెరిగిన కొద్దీ ఒక్కొక్క మాడ్యూల్‌గా చేరుతూ వచ్చాయి. దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14న ప్రారంభమైన భూభారతి, రికార్డుల సవరణకు, అప్పీలుకు చట్టంలోనే అంచెలను కల్పించింది.

ఇక్కడ రాజకీయ చర్చ మన పరిధి కాదు. ఇంజినీరింగ్ దృష్టితో చూస్తే సవరణ, అభ్యంతరం, పునఃపరిశీలన అన్నవి మొదటి రోజు అవసరాలు. లక్షల రికార్డులున్న ఏ వ్యవస్థలోనైనా స్వల్ప శాతం తప్పు కూడా వేల కుటుంబాల సమస్య అవుతుంది. నార్కట్‌పల్లి సలహా అప్లికేషన్‌లో పందెం అంత పెద్దది కాకపోవచ్చు. అయినా తప్పు పంట నమోదైతే ఎవరు సవరించాలి, ఎన్ని రోజుల్లో, సవరించిన సంగతి రైతుకు ఎలా తెలియాలి అన్న మూడు ప్రశ్నలకు పత్రంలో సమాధానం ఉండాలి.

గుంట, పొల్లు, కత్తెర కాపు

స్థానిక కొలతలు, పేర్లు, కాలాలు చూడటానికి చిన్న విషయాలు. లెక్క తప్పేది వీటి దగ్గరే.

తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. ఎకరం 20 గుంటలను 1.20 అని రాస్తారు, అంటే ఎకరంన్నర. వెబ్ ఫారంలో ఆ గడిని దశాంశ సంఖ్యగా నిర్వచిస్తే కంప్యూటర్ దానిని ఎకరం 8 గుంటలుగా తీసుకుంటుంది. ఎకరానికి 100 కిలోల చొప్పున ఏదైనా ఎరువు సిఫారసు ఉంటే 150 కిలోలు రావలసిన చోట 120 కిలోలు వస్తుంది. రెండు కమతాలు కూడితే ఇంకా విచిత్రం. 1.20కి 1.30 కలిపితే 3 ఎకరాల 10 గుంటలు కావాలి, యంత్రం 2.50 అంటుంది. సెంట్లలో లెక్కించే ఆంధ్రప్రదేశ్‌లో ఇదే ఫారం సరిగ్గా పనిచేస్తుంది. అక్కడ పరీక్షించి ఇక్కడికి తెచ్చిన అప్లికేషన్ ఎలాంటి హెచ్చరికా లేకుండా తప్పు చెబుతుంది. ఎకరాలు, గుంటలు రెండు వేర్వేరు గడులుగా ఉండాలి, గుంటల గడి 39 దాటరాదు అని పత్రంలో రాయడానికి ఒక్క వాక్యం చాలు.

ఇక మండలం పేరు. నార్కట్‌పల్లి అని టైపు చేసినప్పుడు పొల్లు "ట్"కు, "ప"కు మధ్య కంటికి కనిపించని ఒక యూనికోడ్ సంకేతం ఉంటుంది. దానిని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది లేకపోతే "ప" ఒత్తుగా మారి నార్కట్పల్లి అవుతుంది. కొందరు మధ్యలో ఖాళీ వదిలి రాస్తారు, మరికొందరు నార్కెట్‌పల్లి అంటారు. మనిషికి ఇవన్నీ ఒకే ఊరు, కంప్యూటర్‌కు నాలుగు ఊళ్లు. యూనికోడ్ సాధారణీకరణ ప్రక్రియ ఈ కనిపించని సంకేతాన్ని తొలగించదు కనుక, వెతికే ముందు దానిని తీసివేయాలని విడిగా కోరవలసి ఉంటుంది. అంతకంటే మేలైన మార్గం, పేరును ప్రదర్శనకు మాత్రమే వాడి, గుర్తింపునకు కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కేటాయించిన గ్రామ కోడును వాడడం. పాత దిగుబడి వివరాలను చేర్చేటప్పుడు మరొక జాగ్రత్త అవసరం. 2016 అక్టోబర్ 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో పూర్వపు నల్గొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి ఏర్పడ్డాయి. 2015 నాటి నల్గొండ సగటును 2018 నాటి నల్గొండ సగటుతో ఒకే గీతలో చూపితే అది వేర్వేరు భూభాగాల పోలిక అవుతుంది.

కాలం విషయానికి వస్తే, చాలా సలహా వ్యవస్థలు విత్తిన తేదీని ఆధారంగా చేసుకొని రోజులు లెక్కిస్తాయి. పత్తికి, వరికి ఇది సరిపోతుంది. బత్తాయికి విత్తిన తేదీ లేదు. రైతు కొంతకాలం నీరు ఆపి తోటను వాడబెట్టి, తిరిగి తడి, ఎరువులు ఇచ్చి పూతను రప్పిస్తాడు. కత్తెర కాపు తీసుకునే తోటకు, ప్రధాన కాపు తీసుకునే తోటకు క్యాలెండర్లు వేరు. ఒకే చెట్టు మీద రెండు కాపులు ఉండడమూ కద్దు. కాబట్టి ఇక్కడ కాలగణనకు మూలం తిరిగి తడి ఇచ్చిన తేదీ. ఈ విషయం తోటలో నడిచిన శాస్త్రవేత్తకు తెలుసు. డేటాబేస్ రూపొందించేవారికి ఎవరో ఒకరు చెప్పాలి.

కొలవదగిన నాణ్యత

వెబ్ అప్లికేషన్‌కు ఒక ప్రత్యేకత ఉంది. దాని వాడుకదారులు ఎవరో, ఏ పరికరంతో వస్తారో ముందుగా తెలియదు. శిక్షణ ఇవ్వడం కుదరదు. 2004లో ఎస్కలోనా, కోచ్ అనే పరిశోధకులు వెబ్ అప్లికేషన్ల అవసరాల పద్ధతులను పోల్చి చూస్తూ, సమాచారం, తెర, సంచారం, వ్యక్తిగత అనుకూలత, లావాదేవీలు, నాణ్యత అనే వర్గాలుగా వాటిని విడదీశారు. వీటిలో మన పత్రాల్లో బలహీనంగా ఉండేది చివరిది. "వేగంగా ఉండాలి", "సులభంగా ఉండాలి" అని రాస్తే దానిని ఎవరూ పరీక్షించలేరు. "గ్రామంలో లభించే మొబైల్ నెట్‌వర్క్ మీద, తక్కువ ధర ఫోన్‌లో, సలహా పేజీ 5 సెకన్లలో తెరుచుకోవాలి, సిగ్నల్ లేనప్పుడు చివరిసారి చూసిన సలహా కనిపించాలి" అని రాస్తే పరీక్షించవచ్చు. 5 అన్న అంకె చర్చనీయమే, కానీ చర్చించడానికి ఒక అంకె ఉండాలి కదా. వ్యక్తిగత వివరాల విషయంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సేకరించే ఉద్దేశాన్ని తెలిపి సమ్మతి తీసుకోవాలంటుంది. తెగులు సలహాకు ఆధార్ నంబరు ఎందుకన్న ప్రశ్న ఇక్కడే వేసుకోవాలి.

మారే నియమాలు

అవసరాల పత్రంపై సంతకాలు అయ్యాక కూడా ప్రపంచం మారుతూనే ఉంటుంది. పత్తి కొనుగోలు దీనికి తాజా ఉదాహరణ. 2025–26 సీజన్‌కు భారత పత్తి సంస్థ కపాస్ కిసాన్ యాప్ ద్వారా నమోదు, స్లాట్ బుకింగ్ విధానాన్ని తెచ్చింది. ఆ సీజన్‌కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం దాటితే ధరలో కోత ఉంటుంది, 12 శాతం దాటితే కొనుగోలు ఉండదు. తెలంగాణలో ఎకరానికి కొనే పరిమితిని 12 క్వింటాళ్ల నుంచి 7 క్వింటాళ్లకు తగ్గించడం సీజన్ మధ్యలో వివాదమైంది. ఇలాంటి అంకెలను ప్రోగ్రాం లోపల రాసేస్తే ప్రతి మార్పుకూ ప్రోగ్రామర్ కోసం ఎదురు చూడాలి. వాటిని మార్చగల అంశాలుగా గుర్తించి, ఎవరు మార్చాలి, ఏ ఉత్తర్వు ఆధారంగా, ఏ తేదీ నుంచి వర్తిస్తుంది అన్న మూడు వివరాలతో విడిగా ఉంచాలి. ప్రతి అవసరానికి ఒక సంఖ్య ఇచ్చి, అది ఏ గ్రామంలో, ఏ సందర్భంలో తెలిసిందో జాడ ఉంచితే, మార్పు వచ్చినప్పుడు ఏది కదిలించాలో వెతకనవసరం లేదు. బ్రాహ్మణ వెల్లెంల నీరు పూర్తిగా ఆయకట్టుకు చేరి పంటల సరళి పత్తి నుంచి వరికి మళ్లితే, ఏయే అవసరాలు పత్తి మీద ఆధారపడ్డాయో ఈ జాడే చూపుతుంది.

సేకరణకు ఎంచుకునే కాలం గురించి ఒక మాట. ప్రాజెక్టు గడువులు ఆర్థిక సంవత్సరాన్ని బట్టి ఉంటాయి కనుక గ్రామ సమావేశాలు తరచుగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో జరుగుతాయి. ఆ సమయానికి పత్తి ఇల్లు దాటి ఉంటుంది, చెప్పేవారు గుర్తున్నంతవరకే చెబుతారు. పత్తికి సంబంధించిన అవసరాలు కావాలంటే దసరా తరువాత, తీతలు సాగుతున్న రోజుల్లో వెళ్లాలి. అప్పుడు రైతును సమావేశానికి పిలవడం న్యాయం కాదు. కొనుగోలు కేంద్రం ముందు వాహనాల వరుసలో అతని పక్కన నిలబడి, తేమ కొలిచే దాకా జరిగేది చూసి, స్లాట్ ఎవరి ఫోన్‌లో బుక్ అయిందో, ఆ పట్టా ఎవరి పేరున ఉందో అడిగి రాసుకోవాలి.